ఇంటికి కబురు

చిన్నప్పటి నుంచీ నేను పిరికిదాన్ని. కంబదూరు పక్కన మా చేలో బోరు మోటారుకు స్విచ్చు వెయ్యమంటే షాకు కొడుతుందని ఏడ్చేదాన్ని. మా నాయన విసుక్కుంటూ తనే వచ్చి వేసేవాడు. అలాంటిదాన్ని కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగంలో చేరితే ఇంట్లో వాళ్లకు నిశ్చింత కలిగింది. ఫ్యాను కింద కూర్చుని చేసే పని, ఎవరికీ ఏమీ కాదు అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాని పని ఒకటి లోకంలో ఉంటుందని నమ్మిన రోజులవి.

అనంతపురంలో ఒక శిక్షణ సంస్థ అది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లలకు కుట్టుపని, ఆసుపత్రిలో నర్సులకు సాయం చేసే పని, అంగట్లో కంప్యూటరు మీద బిల్లులు వేసే పని నేర్పుతారు. పాఠాలు ఫోనులో చూడాలి, చేతిపని దగ్గర్లోని కేంద్రానికి వెళ్లి నేర్చుకోవాలి. ఆ పాఠాలన్నీ ఉండే సైటు ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేరుతో కట్టింది. మంచిదే. కానీ దాన్ని కట్టినవాళ్లకు మన పల్లెలు తెలియవు, మన నాయనలు అసలే తెలియరు. ఫోనులోని యాప్ సైటును ఏదైనా అడగాలంటే, ఆ పనికి ముందే ఒక ఫంక్షన్, అంటే కంప్యూటరుకు అర్థమయ్యే ఆదేశాల చిట్టా, రాసి ఉండాలి. మనకు కావలసింది అందులో లేకపోతే మనమే రాసుకుని తగిలించాలి. ఏమి అడగొచ్చు, లోపల ఎక్కడ వెతకాలి, తిరిగి ఏమేమి చెప్పాలి, ఎవరు అడిగితే చెప్పాలి. ఇవన్నీ ఒక్కొక్కటిగా రాయడమే నా పని.

సంస్థ నడిపే సార్ ఒకప్పుడు హెడ్మాస్టరు. ఆయనకు పాఠాల గురించి కంటే నాయనల గురించి దిగులెక్కువ. "నాయనోళ్లు నమ్మితేనే పిల్లలు వస్తారమ్మా. ఫోను చేతికిస్తే ఏం చూస్తాండారో అని వాళ్ల భయం. చదువుతాండాదని ఇంటికి తెలియల్ల," అన్నారు. అందుకని ఒక ఫంక్షన్ రాశాను. పిల్ల ఒక పాఠం పూర్తి చేయగానే ఇంటి ఫోనుకు తెలుగులో ఒక మెసేజ్ వెళ్తుంది: పిల్ల పేరు, పాఠం పేరు, పూర్తి చేసింది అన్న మాట. ఆఫీసులో మేము దాన్ని ఇంటికి కబురు అనేవాళ్లం.

మా వైపు ఆడపిల్ల పేరు ఎక్కడ రాసినా, ఫోను నంబరు దగ్గర మాత్రం నాయనదో అన్నదో ఉంటుంది. నేను డిగ్రీ చదివేటప్పుడు నాదీ అంతే. ఎవరైనా స్నేహితురాలు ఫోను చేస్తే ముందు మా నాయన ఆమె ఊరూ పేరూ అడిగి, బాగోగులన్నీ విచారించి, తరువాత నాకిచ్చేవాడు. ఇంట్లో మంచి ఫోను ఒకటే ఉంటుంది, అది మగవాళ్ల జేబులో ఉంటుంది. ఇది మాకు వింతగా తోచే సంగతి కాదు. కాబట్టి కబురు ఎవరికి పోతుందో నేను పెద్దగా ఆలోచించలేదు. నాయనలు మాత్రం మురిసిపోయారు. కొందరు మెసేజ్ తెచ్చి సార్‌కు చూపించి పోయేవాళ్లు. పొగడ్త వింటే ఎవరికి చేదు? నేనూ పొంగాను.

కొన్నాళ్లకు సార్ మరొకటి అడిగారు. "యాడ కూర్చోని నేర్చుకుందో, ఆ కేంద్రం పేరు కూడా రానీమ్మా. ఇంకా నమ్మకంగా ఉంటాది." అదేమంత కష్టం కాదు. తిరిగి చెప్పే వాటిలో ఊరి పేరు ఒకటి చేర్చడమే. రాసి, పరీక్ష కోసం ఉంచిన సైటులో పెట్టి, వచ్చే సోమవారం అసలు సైటులోకి ఎక్కిస్తానని చెప్పాను.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆఫీసు తెరిచేసరికి ఫోను మోగింది. యాప్‌లో సాయం కోసమని ఇచ్చిన నంబరు నాదే. కొత్త గొంతు.

"అక్కా, ఈ పాఠాల యాప్ చేసేది నువ్వేనా?"

నేనే అన్నాను. వీడియో ఆడటం లేదని చెబుతుందేమో అనుకుని నెట్‌వర్కు సంగతి అడగబోయాను.

"వీడియోలు వస్తాండాయక్కా. నాకు వేరే బాధ. మాది ధర్మవరం దగ్గర. మగ్గాలోళ్లం. ఇంట్లో వద్దన్న అబ్బాయిని చేసుకోని వచ్చేసినా. ఇప్పుడు రాయదుర్గంలో ఉండాం."

రాయదుర్గం అంటే మా వైపు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది జీన్స్. వీధి వీధికీ కుట్టు యూనిట్లే. ఆ యూనిట్లలో ఒకదానిలో ఆమె మిషను మీద కూర్చుంటోంది, భర్త కటింగు చేస్తున్నాడు. మా సర్టిఫికెట్టు చేతికొస్తే తనను సూపర్‌వైజర్‌ను చేస్తామన్నారట. ఇంట్లో ఉన్నప్పుడే మొదలుపెట్టిన కోర్సు, సగం అయింది. అందుకే పాత ఖాతాలోనే చదువుతోంది. ఆ ఖాతాలో ఇంటి నంబరు వాళ్ల నాయన ఫోనుది.

"మరి పాఠం అయినప్పుడల్లా మీ ఇంటికి మెసేజ్ పోతుంది కదమ్మా, తెలుసా?"

"తెలుసక్కా. పోనీ. నేను బతికుండానని మా నాయనకు తెలుస్తాది కదా. కానీ ఈడ మా కేంద్రం మేడం చెప్పింది, ఇంగ ఊరి పేరు కూడా పోతాదంటనే. అది మాత్రం వద్దక్కా. మా అన్న వచ్చినాడంటే మమ్మల్ని బతకనీడు."

ఆమె ఏడవలేదు. మార్కెట్లో ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. అందుకే నాకు ఎక్కువ భయమేసింది. నా ముందు తెర మీద ఆ ఫంక్షనే తెరిచి ఉంది. కేంద్రం పేరు తెచ్చి ఇచ్చే ఆ ఒక్క వరుస, నేను శుభ్రంగా రాసి, పక్కన వివరణ కూడా పెట్టుకున్న వరుస.  సరేనమ్మా, పోనివ్వను అన్నాను. అనడం అయితే అన్నాను కానీ, సార్‌తో ఏం చెప్పాలో ఎలా చెప్పాలో తెలియలేదు. ఎవరికి చెప్పినా ఆ పిల్ల గుట్టు ఇంకొకరి నోట్లోకి పోయినట్టే. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

నేను సార్ దగ్గర నోరు తెరిచేలోగానే ఆ పిల్ల ఇంటివాళ్లు వచ్చారు. తండ్రీ కొడుకూ. తండ్రి సన్నగా, మగ్గం మీద వంగి వంగి మెడ ముందుకొచ్చిన మనిషి. భుజం మీది తువ్వాలును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొడుకు కూర్చోలేదు. ఫోను పట్టుకుని సార్ బల్ల ముందు నిలబడ్డాడు.

"సార్, మా చెల్లెలు ఇల్లిడిచి పోయింది. యాడ పోయిందో తెలీదు. కానీ మీ మెసేజ్ వస్తానే ఉండాది. చూడండి, అంగీకి కాలరు కుట్టడం పూర్తి చేసిందంట. మాకు అడ్రసు కావల్ల."

సార్ పాపం అన్నారు. నిజంగానే పాపం అనుకున్నారు. ఆయనా ఆడపిల్లల తండ్రే. నన్ను పిలిచి, చూసి చెప్పమన్నారు.

"సైటులో ఊరి పేరు ఉండదు సార్," అన్నాను.

"అదేందమ్మా, మొన్న నువ్వే కదా చెప్తివి, కేంద్రం పేరు కూడా వస్తాదని?"

 ఆ అన్న ముఖం నా వైపు తిరిగింది. కోపం కూడా లేదు ఆ ముఖంలో, ఏదో సరుకు కోసం వచ్చి అది లోపల ఉందని తెలుసుకున్నవాడి చూపు ఉంది. "అది ఇంకా పరీక్షలో ఉంది సార్. అసలు సైటులో పెట్టలేదు," అన్నాను. 

"ఎప్పుడు పెడతారు మేడం?"

నేను చెప్పలేదు. సార్ చెప్పారు. "సోమవారం పెడతామన్నాది."

"అయితే సోమవారం దాటినాక వస్తాం," అన్నాడు అతను. ఫోను జేబులో పెట్టుకున్నాడు. జేబు మీద ఒకసారి తట్టి చూసుకున్నాడు. తండ్రి తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. లేచేటప్పుడు నా వైపు చూసి, "పిల్ల బాగా కుడతాండాదా తల్లీ?" అని మాత్రం అడిగాడు. మార్కులు బాగానే వస్తున్నాయి అన్నాను. అది అబద్ధం కాదు, ఆ రోజు నేను ఏమీ దాచకుండా చెప్పిన ఒకే ఒక్క నిజం.

ఆ తండ్రిని చూస్తే నాకు మా నాయన గుర్తొచ్చాడు. అదే నాకు పట్టుకున్న భయం. మంచివాడిలా కనిపించాడు. మంచివాళ్లు కూడా కూతురు ఇల్లు దాటితే ఏమవుతారో నాకు తెలుసు. మా ఊళ్లో నేను చూశాను, చెప్పను. కూతురి బాగు అడిగిన ఆ నోటితోనే కొడుక్కు ఏం చెప్పి పంపుతాడో ఎవరికి తెలుసు?

వాళ్లు మెట్లు దిగాక సార్ గదిలోకి వెళ్లి తలుపు వేశాను. ఊరి పేరు చేర్చే పని మానేస్తానని చెప్పాను. సార్‌కు కోపం వచ్చింది. "కన్నతండ్రమ్మా. బిడ్డ యాడుందో తెలుసుకోకూడదా? నీకేమి అడ్డం?" అన్నారు. ఊరి పేరు మాత్రం చెప్పకుండా, ఆ పిల్ల ఫోను చేసిందని చెప్పాను. మా అన్న మమ్మల్ని బతకనీడు అన్న మాట ఆమె అన్నట్టే చెప్పాను. సార్ చాలాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. ఇందాక ఆ అన్న నిలబడిన చోటు వైపు ఒకసారి చూశారు.

"వానికి సోమవారం అని నోరు జారి చెప్పింది నేనే కదమ్మా," అన్నారు. "తీసెయ్. ఎవరికీ రాకుండా తీసెయ్. ఏమైందని అడిగితే కుదరలేదని నేను చెప్తా."

తీసేశాను. ఎవరు అడిగినా, సార్ అడిగినా, ఊరి పేరు తిరిగి రాకుండా చేశాను. ఆ పేరు అడిగే హక్కునే ఫంక్షన్‌లోంచి తీసేశాను. అయినా గుండె కుదుటపడలేదు. సోమవారం దాటాక ఆ అన్న వచ్చి సార్‌తో గట్టిగా మాట్లాడి పోయాడు. బయట ఒక కుర్చీని కాలితో తన్నాడు కూడా. తండ్రి వెనక నిలబడి, కొడుకు మెట్లు దిగేదాకా ఆగి, నా దగ్గరికొచ్చాడు.

"ఊరు లేకపోతే పోనీ తల్లీ. ఆ మెసేజ్ మాత్రం ఆపొద్దు."

ఆ తరువాత ఆయన నాకు ఫోను చేయడం మొదలుపెట్టాడు. యాప్‌లోని నంబరే కాబట్టి కాదనడానికి లేదు. వెనకాల మగ్గం చప్పుడు వినిపించేది. "ఏం తల్లీ, ఈ వారం మెసేజ్ రాలేదే?" అనేవాడు. నేను ఆ అమ్మాయికి ఫోను చేస్తే, జ్వరం వచ్చిందనో, యూనిట్‌లో ఓవర్‌టైం అనో చెప్పేది. నాయన అడిగాడని చెబితే మరునాడే ఏదో ఒక పాఠం పూర్తి చేసేది. ఒళ్లు బాగలేకపోయినా చేసేది. అలా వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే నా ఫంక్షన్ మీదుగా ఉత్తరాలు రాసుకున్నట్టు గడిపారు.

నాకు మాత్రం ప్రతి ఫోనూ భయమే. పక్కన ఎవరున్నారు? మగ్గం మీద ఉన్నది ఎవరు, ఆయనా కొడుకా? ఈ ఆరా ఎవరికోసం? ఏ మాట పొరపాటున జారుతుందోనని ఔను, కాదు, చూస్తానండి, అంతకు మించి పలికేదాన్ని కాదు. సైటు సాఫ్ట్‌వేరు కొత్తది వచ్చినప్పుడల్లా ముందు ఆ ఫంక్షన్‌నే నడిపి చూసేదాన్ని. పేరు, పాఠం, పూర్తి. ఊరు లేదు. ఊపిరి పీల్చుకునేదాన్ని. మళ్లీ ఇంటికి పోయే బస్సులో సరిగ్గా చూశానా లేదా అని అనుమానం వచ్చేది. ఎదుటి సీట్లో ఫోను జేబులో పెట్టుకుని తట్టి చూసుకునే మగవాడెవరైనా కనిపిస్తే ముఖం తిప్పుకునేదాన్ని.

ఆ అమ్మాయి అంగీల పాఠాలు ముగించి తరువాతి భాగంలోకి వెళ్లింది. అక్కడ జిప్పులు, జేబులు, నడుము పట్టీలు. పాఠాలు రాసింది వేరే వాళ్లు, వాటి పేర్లు పెట్టింది కూడా వాళ్లే. నా పని వాటిని తీసి కబురులో పెట్టడం. నేను ఊరి పేరు దాచే పనిలో ఎంత జాగ్రత్తగా ఉన్నానంటే, పాఠం పేరు వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

మబ్బులు పట్టి, అనంతపురంలో చినుకు కూడా రాల్చకుండా ఎటో పోతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మగ్గం చప్పుడు లేదు. బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

"తల్లీ, నేనే. ఇది టీ అంగడాయన ఫోను. ధర్మవరం బస్టాండులో ఉండా. మా ఇంటి ఫోన్లో చేస్తే పెద్దోడు నంబర్లు చూస్తాడు."

చెప్పండి అన్నాను. 

"ఇంగ ఆ మెసేజులు రాకుండా చెయ్యి తల్లీ."

"మీరే కదా ఆపొద్దన్నారు?"

"అంటి. అప్పుడు అంగీలు కుడతాండె. ఇప్పుడు జీన్స్ ప్యాంటుకు జిప్పు అని వచ్చినాది. మొన్న జీన్స్ జేబు అని వచ్చినాది. మన పక్క జీన్స్ యాడ కుడతారు తల్లీ? ఒకటే ఊరు కదా."

 ఇన్నాళ్లూ తలుపుకు తాళం వేసి, పక్కనే కిటికీ బార్లా తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఊరి పేరు ప్రతి కబురులోనూ పోతూనే ఉంది. చదవడం తెలిసినవాడికి చాలు, నేత నేసేవాడైనా సరే, బస్సు కండక్టరైనా సరే.

"నేను చూసిన వెంటనే తుడిచేస్తాండా," అన్నాడాయన. "మొన్న నేను మగ్గం మీద ఉన్నప్పుడు మెసేజ్ వచ్చినాది. ఫోను పెద్దోని చేతిలో ఉన్నాది. నా పానం పోయినంత పనాయ. వాడు పాట వింటా ఉండి చూసుకోలే. రోజూ అట్లనే ఉంటాడా? ఈ పొద్దు ఫోను నా దగ్గరుండాది. వాడు పట్టు తేవడానికి పోయినాడు. వచ్చేలోపల చెయ్యి తల్లీ."

ఒక్క ఇంటికి మాత్రం కబురు ఆపే దారి నేను ఆ ఫంక్షన్‌లో పెట్టలేదు. ఖాతాలో నంబరు ఉన్నంత కాలం కబురు పోతుంది. నంబరు మార్చాలంటే పాత నంబరుకు ఒక కోడ్ వెళ్తుంది, అది చెబితేనే మారుతుంది. ఎవరూ మోసం చేయకూడదని అదీ నేను రాసిందే. సైటు నడిచే సర్వరును బెంగళూరులో ఎవరో చూసుకుంటారు, అప్పటికప్పుడు లోపల చెయ్యి పెట్టే అధికారం మాకు లేదు. ఇదంతా ఆయనకు చెప్పే టైం ఎక్కడిది? "మీ ఇంటి ఫోనుకు ఒక నంబరు వస్తుంది, చదవండి," అన్నాను.

అప్పుడు కూడా, ఆ ఒక్క క్షణం, ఇది కొడుకు పన్నిన ఎత్తేమోనని అనుమానం వచ్చింది. పక్కనే నిలబడి వింటున్నాడేమో. ఆలోచించాను. కోడ్ చెప్పినందువల్ల వాళ్లకు కలిసొచ్చేది ఏమీ లేదు, ఉన్న కబురు పోగొట్టుకోవడం తప్ప. కోడ్ పంపాను.

ఆయన అద్దాలు తెచ్చుకోలేదు. ఒక చేతిలో టీ అంగడాయన ఫోను, ఒక చేతిలో ఇంటి ఫోను. ఒక్కో అంకె ఆగి ఆగి చదివాడు. మొదటిసారి తప్పు పోయింది. మళ్లీ పంపాను. మళ్లీ చదివాడు, ఇంకా మెల్లగా. ఏ వైపు నుంచి వచ్చే బస్సు హారన్ విన్నా అది ఆ కొడుకు దిగే బస్సేమో అనిపించింది. కొత్త నంబరు ఎవరిది పెట్టాలో ఆలోచించే వ్యవధి లేక నాది పెట్టేశాను. మారింది.

"అయింది. ఇప్పుడు ఇక కబురు రాదని చివరి మెసేజ్ ఒకటి మీ ఫోనుకు వస్తుంది. దాన్ని కూడా తుడిచెయ్యండి."

"వచ్చినాది," అన్నాడు. కొంచెం ఆగి, "తుడిచేస్తి," అన్నాడు. "కొత్తగా ఎవరి నంబరు పెట్టినావో నాకు చెప్పొద్దు తల్లీ. తెలిస్తే ఎప్పుడో ఒకసారి చేస్తా."

 ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు.

"రాయదుర్గం పక్క వాన పడిందంటనే, నిజమేనా?"

ఆ ఊరి పేరు మొదటిసారి ఆయన నోట విన్నాను. ఔనంటే ఆ పిల్ల అక్కడున్నట్టు నేను ఒప్పుకున్నట్టే. ఇన్నాళ్ల అలవాటు నా నాలుకను పట్టుకుంది. పేపర్లో చూడండి అన్నానో, నాకు తెలీదండి అన్నానో. "సరేలే తల్లీ," అని ఆయన పెట్టేశాడు.

వెంటనే ఆ అమ్మాయికి ఫోను చేశాను. పాఠాల పేర్ల సంగతి చెప్పాను, ఉన్న గది ఖాళీ చేసి ఇంకో వీధికో ఇంకో ఊరికో మారిపొమ్మన్నాను, ఇకమీదట ఇంటికి మెసేజ్ పోదని, దాన్ని ఆపించింది వాళ్ల నాయనే అని చెప్పాను. అవతల మిషన్ల రొద. అది దూరమైంది, ఆమె బయటికి వచ్చినట్టుంది.

"ఒక్కడే చేసినాడా అక్కా?"

"ఒక్కడే. బస్టాండు నుంచి."

"ఇంకేమన్నా అన్నాడా?"

"అక్కడ వాన పడిందా అని అడిగాడు. నేనేమీ చెప్పలేదమ్మా, భయమేసింది."

  

"పడిందని చెప్పింటే బాగుండు కదక్కా," అంది.